అమ్మీ చెప్పని మాట

మా అమ్మీకి 72వ ఏట తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స చేసి కీలు మార్చారు. అంతా సవ్యంగానే జరిగింది, అల్‌హమ్దులిల్లాహ్. గాయం గురించి, జ్వరం గురించి, బి.పి. గురించి రోజుకు పదిసార్లు విచారించాము. విరేచనం అయిందా అని మాత్రం ఎవరమూ అడగలేదు. కొడుకులకు సంకోచం, కోడళ్లకు బిడియం. ఇక అమ్మీ సంగతి చెప్పనే అక్కరలేదు. బెడ్‌పాన్ కోసం ఒకరిని పిలవవలసి వస్తుందని, వుజూ మాటిమాటికీ పోతుందని ఆమె నీళ్లు తాగడమే తగ్గించుకున్నారు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం లేదని మేము మురిసిపోయాము కూడా!

ఐదవ రోజున కడుపు ఉబ్బింది. అన్నం వద్దన్నారు. ఆరవనాడు పక్క మీద నీళ్లలాంటి మరక కనిపించింది. విరేచనాలు పట్టుకున్నాయనుకొని, అవి కట్టే మాత్ర కోసం మందుల దుకాణానికి బయలుదేరాము. వార్డు గుమ్మంలోనే నర్సు ఒకరు ఆపారు. లోపల మలం గట్టిపడి అడ్డుపడినప్పుడు, దాని పక్కనుంచి పలుచని మలం ఇలాగే కారుతుందట. డాక్టరుగారు పరీక్షించి అదే నిర్ధారించారు. ఆ మాత్ర వేసి ఉంటే ఏమయ్యేదోనని తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

ఎనిమా ఇప్పించిన తరువాత ఆయన కారణాలు వివరించారు. నొప్పికి ఇచ్చిన ట్రమడాల్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. రక్తం పట్టడానికి ఇచ్చిన ఐరన్ మాత్రలూ మలాన్ని బిగిస్తాయి. పైగా మనిషి మంచం దిగలేదు, నీళ్లు తాగలేదు. ఇసబ్గోల్ ఇద్దామా అని అడిగితే వారించారు. నీళ్లు చాలినన్ని తాగనివారికి అది లోపలే ముద్దకట్టవచ్చునన్నారు. లాక్టులోజ్ సిరప్ రాసి, దాని ప్రభావం కనిపించడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు కనుక తొందరపడి మోతాదు పెంచవద్దన్నారు.

ఇంటికి వచ్చాక మరొక చిక్కు. తుంటి కీలు మార్చినవారు గొంతుక్కూర్చోకూడదు. మా ఇంట్లో ఉన్నదేమో పాత పద్ధతి మరుగుదొడ్డి. ఎత్తయిన కమోడ్ కుర్చీ కొన్నాము. ఏదైనా తిన్న తరువాత పేగులు సహజంగా కదులుతాయి కనుక, ఉదయం టిఫిన్ అయిన కాసేపటికి ఆమెను దానిపై కూర్చోబెట్టి, తెర వేసి, అందరమూ గదిలోంచి వెళ్లిపోయేవాళ్లము. సిరప్ కన్నా ఆ తెరే ఎక్కువ మేలు చేసిందని మా నమ్మకం.

ఈ మధ్య పక్క వీధిలో ఒకావిడకు మోకాలి ఆపరేషన్ అయితే, అమ్మీ చేతికర్ర ఊతంతో పరామర్శకు వెళ్లారు. సలాము, దుఆ అయ్యాక మగవాళ్లను బయటకు పంపి, ఆమె చెవి దగ్గర చేరి మొట్టమొదట అడిగింది ఆ ప్రశ్ననే.