చివర్న మిగిలేదెవరు?

2025 ఏప్రిల్ 28, సోమవారం

సోమాజిగూడలో ఓ స్కూలు వరండాలో కొత్త కోచ్‌లకు మొదటి క్లాసు. అందరూ ఆడి వచ్చినవాళ్లే. ఒకతను పటియాలా ఎన్‌ఐఎస్ సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు. వార్మప్, ఆఫ్‌సైడ్ వీళ్లకు నేను చెప్పేదేముంది? "ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి టీములు పంచుకోమంటే చివర్న మిగిలేదెవరు?" అని అడిగా. "ఆట రానోడు మేడం" అన్నారు. కబడ్డీ అమ్మాయి ఒక్కతే "షూస్ లేనోడు" అంది.

ఏప్రిల్ 30, బుధవారం

అందరినీ వెంటబెట్టుకుని రాజ్‌భవన్ వెనక ఎం.ఎస్. మక్తాకు వెళ్లాను. గోడల నిండా రంగురంగుల బొమ్మలు, ఫొటోలు దిగకుండా వీళ్లను లాక్కురావడమే పనైంది. ఆ గోడల వెనక ఇళ్లు చూపించాలని కదా తీసుకొచ్చింది.

మన రిజిస్టర్లో 'ఇర్రెగ్యులర్' అని రాసి, పేరు కొట్టేయబోయిన పాప ఇల్లు అక్కడే. వాళ్లమ్మ ఏమీ దాచలేదు: "దినం ఇడ్సి దినం నల్లా వస్తది మేడం, పొద్దుగాలనే. నేను పనికి పోతే నీళ్లెవరు పడ్తరు?" రిజిస్టర్ తీసి చూస్తే నిజమే, ఒక రోజు టిక్కు, ఒక రోజు సున్నా. పేరు కొట్టేయబోయిన కోచ్ మొహం చూడాలి! ఆడపిల్లల బ్యాచ్ సాయంత్రం ఐదున్నరకు మార్చాం. ఎండ అప్పటికీ చల్లారదు, కానీ నల్లా రాదు.

మే 3, శనివారం

ఇవాళ రహీం సాబ్ పాఠం. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీ, బడిపంతులుగా మొదలైన మనిషి. ఆయన కోచింగ్‌లోనే మన ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారం గెలిచింది. డ్రిబ్లింగ్ నిషేధించి ఇక్కడ పోటీలు పెట్టేవాడాయన. పాసింగ్ నేర్పడమే ఆయన ఉద్దేశం. బస్తీ పిల్లలకు బంతి అందాలని కాదు. అయినా ఆ రూలు నాకు అందుకే పనికొచ్చింది. రెండు టచ్‌లు దాటితే బంతి అవతలి జట్టుది అన్నాం. మూలన నిలబడే పిల్లాడికీ పాస్ ఇవ్వక తప్పలేదు. అపార్ట్‌మెంట్ నుంచి వచ్చే మా హీరో అలిగాడు. వాళ్ల నాన్న రాత్రి ఫోన్ చేసి "మా వాడి టాలెంట్ తొక్కేస్తున్నారు" అన్నారు. వారం ఆగి చూడండన్నాను.

మే 10, శనివారం

దీప్తి జీవాంజి గురించి చెప్పమన్నారు. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి కుటుంబం. మేధో వైకల్యంతో పుట్టిన పిల్లని ఊళ్లో అననివాళ్లు లేరు. ఆమె పరుగును ముందు గుర్తించింది బళ్లో పీఈటీ సారు. తర్వాత నాగపురి రమేశ్ హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చారు. 2024 మేలో కోబెలో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ కాంస్యం.

క్లాసంతా చప్పట్లు. నాకు ఇక్కడే చిరాకు. పతకం రాకపోయుంటే ఆమె గ్రౌండుకు రావడం తప్పా? వెక్కిరించిన నోళ్లు పతకం చూశాకే మూతపడ్డాయంటే, పతకాలు తేలేని వందలమంది సంగతేమిటి? "అయినా మేడం, గెలిచేటోళ్లు లేకుంటే మనకు గ్రౌండెవరిస్తరు?" అన్నాడు ఎన్‌ఐఎస్ కుర్రాడు. జవాబు చెప్పలేకపోయాను. అతని మాటా అబద్ధం కాదు.

మే 17, శనివారం

డబ్బిచ్చినవాళ్ల ఫారం వచ్చింది. ఎంతమంది సెలెక్ట్ అయ్యారు, ఎన్ని మెడల్స్, ఎన్ని ఫొటోలు. మానేసినవాళ్లకు గడి లేదు. స్కేలు పెట్టి నేనే ఒకటి గీశాను: మానేసింది ఎవరు, ఎందుకు, ఇంటికి వెళ్లి అడిగారా. నింపే పని కోచ్‌లదే. కబడ్డీ అమ్మాయి అప్పుడే మూడిళ్లు తిరిగొచ్చింది. రెండిళ్లలో ఒకటే కారణం చెప్పారట: ఆడపిల్లల బాత్రూంకి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది, ఐదింటికే అతని డ్యూటీ అయిపోతుంది. సోమవారం అమీర్‌పేటలో ఇంకో తాళంచెవి చేయించాలి.