సొంతవూరికి వీసా

రాజమండ్రి దాటి జాతీయ రహదారి పట్టుకుంటే కడియపులంక దగ్గర రెండుపక్కలా పూలమొక్కల నర్సరీలు కనిపిస్తాయి. అవి దాటితే జొన్నాడ. అక్కడ గౌతమిమీద వంతెన ఎక్కి దిగితే రావులపాలెం. ఇక అక్కణ్ణుంచి కోనసీమే. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఆకుపచ్చని చాప పరిచినట్టుండే ఈ సీమలోనే ఓ లంకలో మా అమ్మ పుట్టిల్లుంది. చిన్నతనంలో ప్రతి వేసవీ నాకక్కడే గడిచేది. అమ్మమ్మ పోయాక ఆ ఇంటికి తాళం పడింది. ఆ తాళం మళ్ళీ తీశారని తెలిసి, మొన్న వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దడం కాగానే బయలుదేరాను.

తాళం తీసినవాడు మా చిన్న మామయ్య. ఆయనకిప్పుడు 70 ఏళ్ళు. 1979లో పైచదువుకని అమెరికా వెళ్ళాడు. అక్కడే ఉద్యోగం, అక్కడే సంసారం. అత్తయ్య పోయి రెండేళ్ళయింది. పిల్లలిద్దరూ ఎవరి సంసారాల్లో వాళ్ళున్నారు. "ఈ మిగిలిన నాలుగేళ్ళూ మనవూళ్ళో గడిపేస్తానే అక్కయ్యా" అని ఆయన ఫోనులో అన్నప్పుడు మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మనవూరు అన్నమాట వినడానికి బాగానే ఉంది. కాని కాగితాలమీద అది ఆయనకు పరాయిదేశపు వూరు!

నేను వెళ్ళేసరికి మామయ్య వీధరుగుమీద కూర్చుని కాలువకేసి చూస్తున్నాడు. ధవళేశ్వరంలో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ చలవవల్ల వచ్చే నీళ్ళే ఇవి. లోపల మండువాలో ఎండ చారలు చారలుగా పడుతోంది. వంటమనిషి పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తెచ్చిపెట్టింది. తింటూ, "అయితే మామయ్యా, ఇక ఇక్కడే ఉండిపోవచ్చునా? ఎవరూ అడ్డుచెప్పరుగదా?" అని అడిగాను.

"అదో పెద్ద పురాణం రా అబ్బాయ్" అంటూ లోపలికెళ్ళి ఓ సంచీ తెచ్చాడు.

ఆ పురాణం క్లుప్తంగా చెబుతాను. మన 1955నాటి పౌరసత్వ చట్టం ప్రకారం, మనంతట మనం మరోదేశపు పౌరసత్వం పుచ్చుకుంటే, మనదేశపు పౌరసత్వం పోయినట్టే. రెండు పడవలమీద కాళ్ళు పెట్టడానికి వీల్లేదు. మామయ్య 1992లో అమెరికా పౌరుడయ్యాడు. 1994లో మా అక్క పెళ్ళికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టు, అందులో మనదేశపు వీసా ముద్ర. మద్రాసు విమానాశ్రయంలో విదేశీయుల వరసలో నిలబడ్డాడట. "ఎక్కడికి వెళుతున్నారు?" అని అధికారి అడిగితే, "మా ఇంటికి" అన్నాడట. ఆ అధికారి పాస్‌పోర్టుకేసీ ఆయనకేసీ మార్చిమార్చి చూసి నవ్వాడట. "ఆయన నవ్వాడుగాని నాకు నవ్వు రాలేదురా" అన్నాడు మామయ్య.

తరువాత రోజులు మారాయి. 2005లో చట్టం సవరించి, ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అనే కార్డు పెట్టారు. 2006 జనవరిలో మన హైదరాబాదులోనే జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో, అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్ మొదటి కార్డులు అందజేశారు. పేరులో సిటిజన్ అని ఉంటుందిగాని నిజానికిది పౌరసత్వం కాదు, జీవితాంతం చెల్లే వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. మామూలు వీసామీద వచ్చి 180 రోజులకు మించి ఉండదలచిన విదేశీయుడు పేరు నమోదు చేయించుకోవాలి. కార్డు ఉన్నవాడికి ఆ తిరుగుడు లేదు.

అయితే ఆ కార్డు ఊరికే రాదు. ఒకప్పుడు భారత పౌరుడినేనని రుజువు చూపాలి. పాత భారత పాస్‌పోర్టు అప్పగించి, రద్దు చేయించుకున్నట్టు పత్రం పొందాలి. మామయ్య పాత పాస్‌పోర్టు ఎక్కడా కనిపించక నెలరోజులు వెదికారట. చివరకు అత్తయ్య పట్టుచీరల పెట్టె అడుగున దొరికింది. "అదే దాచింది. ఎప్పటికైనా పనికొస్తుందని" అని మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఆ పాస్‌పోర్టుతోనే 2008లో కార్డు తీసుకున్నాడు. ప్రయాణంలో కార్డు ఒక్కటే చాలదు, చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు కూడా జతగా ఉండాలి. 50 ఏళ్ళు నిండాక కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే, దాని నకలు ఒకసారి ప్రభుత్వానికి పంపుకోవాలి.

అమెరికా ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను ఇక్కడికీ వస్తుంది. అక్కడి ముసలివాళ్ళ ఆరోగ్య బీమా, మెడికేర్, మాత్రం సముద్రం దాటి రాదు. ఇక్కడి వైద్యం ఖర్చు ఎవరికి వారే చూసుకోవాలి. పైగా విదేశీ బ్యాంకుల్లో ఉన్న సొమ్మంతా కలిపి 10,000 డాలర్లు దాటితే, ఏటా ఆ లెక్క అమెరికాకు అప్పజెప్పాలి.

సాయంత్రం పెరటిదోవన వాహ్యాళికి వెళ్ళాం. గట్టు దాటగానే కొబ్బరితోట వచ్చింది. చిన్నప్పుడు నేను బొండాలు తాగిన తోట అది. తాతగారు 1988లో పోయాక మామయ్య వాటాకొచ్చింది. "ఇక మనం తిరిగి వచ్చేదెప్పుడు?" అనుకుని 1990లో పక్కరైతుకు అమ్మేశాడు. ఆ రైతు మమ్మల్ని చూసి తలపాగా తీసి, "మీ నాన్నగారి తోటేనండి ఇది. మా కుర్రాళ్ళెవరూ వ్యవసాయం చెయ్యరండి. మీరు తీసుకుంటానంటే ఇంకెవరికీ ఇవ్వనండి" అన్నాడు.

మామయ్య ముఖం వెలిగి, అంతలోనే చిన్నబోయింది. కార్డుమీద ఇల్లు కొనుక్కోవచ్చుగాని వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌసు కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వచ్చినదాన్ని ఉంచుకోవచ్చు. ఆనాడు అమ్మకుండా ఉంటే ఆ తోట ఈనాటికీ ఆయనదే! ఓటు కూడా లేదు. "పంచాయతీకి నిలబడండి, గెలిపిస్తాం" అని వూళ్ళో కుర్రవాళ్ళు అంటున్నారట. "నా ఓటు నాకే లేదర్రా" అంటాడట ఈయన.

ఆ రాత్రి భోజనాలయ్యాక మామయ్య మెల్లిగా, "ఒరేయ్, ఆ తోట నీ పేర కొంటేనో?" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. నన్ను చదివించడానికి ఫీజులు పంపినవాడాయన. కాని డబ్బొకరిది, పేరొకరిది అయితే దాన్ని బేనామీ అంటారు. 1988నాటి చట్టాన్ని 2016లో బిగించారు. ఆస్తి జప్తు అవుతుంది, ఏడేళ్ళదాకా జైలుశిక్ష కూడా పడవచ్చు. రాత్రంతా మంచంమీద దొర్లాను. తెల్లవారి కాఫీ తాగుతూ, "మామయ్యా, అది..." అని మొదలుపెట్టబోయాను.

"వద్దురా" అన్నాడు ఆయనే. "నిన్నలా అడిగినందుకు నాకూ నిద్రపట్టలేదు."

మరో దారి లేకపోలేదు. కార్డు పుచ్చుకుని 5 ఏళ్ళు నిండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే నివసించినవాడు, మళ్ళీ భారత పౌరసత్వం కోరవచ్చు. కాని అప్పుడు అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. అప్పుడు తోట కొనుక్కోవచ్చు, ఓటూ వెయ్యవచ్చు. కాకపోతే మనవల్ని చూడాలనిపించినప్పుడు అమెరికా వీసాకోసం వరసలో నిలబడాలి!

"ఎటు తిరిగినా ఎక్కడో ఒకచోట వరసలో నిలబడక తప్పదురా నాకు" అని నవ్వాడు. ఈసారి నిజంగానే నవ్వాడు. "ముందీ ఏడాది గడవనీ. అప్పుడు ఆలోచిస్తా."

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఇక్కడికి వచ్చి విశ్రాంతి తీసుకోవాలనుకుంటే, వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. పాత పాస్‌పోర్టు పారెయ్యకండి. ఇక్కడి తోటా దొడ్డీ అమ్మేముందు ఒక్కసారి ఆగి ఆలోచించండి. కాగితం పోతే నకలు తెచ్చుకోవచ్చు, తాతలనాటి తోటకు నకలు దొరకదు.

నేను బయలుదేరేనాటి ఉదయం మామయ్య పెరట్లో గొయ్యి తవ్విస్తున్నాడు. పక్కరైతు తన తోటలోంచి ఓ కొబ్బరిమొక్క తెచ్చి ఇచ్చాడు. తాతగారు వేసిన చెట్ల కాయలోంచి మొలిచిందట. ఇంటి పెరట్లో మొక్క నాటుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

"కాపుకెన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగాను రైతుని.

"ఆరేడేళ్ళండి" అన్నాడతను.

మామయ్య ఆ మాట విననట్టే మొక్క మొదట్లో మట్టి సర్దుతున్నాడు.