నకిలీ విండోస్, కొత్త విండోస్: ముందు ఏది తేల్చుకోవాలి?

కంప్యూటర్‌లో ఉన్న విండోస్ అసలుదా, నకిలీదా అన్నది మామూలు వాడకంలో బయటపడదు. నకిలీ కాపీ మీద కూడా బ్రౌజర్ తెరుచుకుంటుంది, వీడియో కాల్ నడుస్తుంది, చాలాసార్లు అప్‌డేట్లు సైతం వస్తాయి. కొత్త వెర్షన్‌కు మారవలసి వచ్చినప్పుడే ఆ అనుమానం మొదలవుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగించింది. దాంతో ప్రవాస తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న రెండు కంప్యూటర్ల గురించి వస్తోంది. చదువుకు బయల్దేరేటప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొని తెచ్చుకున్న ల్యాప్‌టాప్ ఒకటి, ఊళ్లో అమ్మానాన్నల దగ్గరున్నది ఇంకొకటి. రెండింటికీ వరస ఒకటే. కాపీ అసలుదో కాదో ముందు తేల్చుకోవాలి, అప్‌గ్రేడ్ సంగతి ఆ తర్వాత.

నకిలీ వచ్చే దారులు

ఇండియాలో అందరికీ తెలిసిన దారి ‘డాస్ ల్యాప్‌టాప్’. ధర తగ్గించడానికి కంపెనీలు కొన్ని మోడళ్లను విండోస్ లేకుండా, ఫ్రీడాస్‌తోనో ఉబుంటుతోనో అమ్ముతాయి. కొన్నచోటే ఎవరో ఒకరు ‘ఓఎస్ వేసి’ ఇస్తారు. బిల్లులో దాని ఊసు ఉండదు. అసెంబుల్డ్ కంప్యూటర్ల విషయంలోనూ తరచు జరిగేది ఇదే.

రెండో దారి అంతగా ఎవరి దృష్టికీ రాదు. అసలైన విండోస్ హోమ్‌తో కొన్న ల్యాప్‌టాప్ కొన్నేళ్లకు నెమ్మదిస్తే రిపేరు షాపులో ఫార్మాట్ కొట్టిస్తారు. అక్కడి పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉన్నది క్రాక్ చేసిన విండోస్ ప్రో అయితే, అదే ఎక్కుతుంది. డబ్బు పెట్టి కొన్న లైసెన్స్ మదర్‌బోర్డులో భద్రంగా ఉండగానే, అదే మెషీన్‌లో నకిలీ కాపీ నడుస్తుంటుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘమైన బీఎస్‌ఏ 2018లో వెలువరించిన అంచనా ప్రకారం, 2017లో ఇండియా కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేర్‌లో 56 శాతానికి లైసెన్స్ లేదు. అమెరికాలో ఆ వాటా 15 శాతం. అమెరికాలో నకిలీ ఎక్కువగా ఆన్‌లైన్‌లో అమ్మే కీ రూపంలో వస్తుంది. విండోస్ 11 హోమ్‌ను మైక్రోసాఫ్ట్ 139 డాలర్లకు, ప్రోను సుమారు 200 డాలర్లకు అమ్ముతుంటే, అందులో పదోవంతు ధరకే 25 అక్షరాల కీ ఇస్తామనే వాళ్లు కనిపిస్తారు. అలాంటి కీ ఏదో కంపెనీకో కాలేజీకో టోకున ఇచ్చిన దాంట్లోది కావచ్చు. డెవలపర్లకు పరీక్షల కోసం ఇచ్చింది కావచ్చు, పారేసిన కంప్యూటర్ స్టిక్కర్ నుంచి రాసుకున్నదీ కావచ్చు. కొన్నరోజే యాక్టివేట్ అవుతుంది. మూలం బయటపడ్డాక మైక్రోసాఫ్ట్ దాన్ని బ్లాక్ చేస్తే కొన్నవాడికి మిగిలేది ఏమీ ఉండదు.

చట్టం కూడా దేశాన్ని బట్టి మారుతుంది. యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కంపెనీల మధ్య కేసులో యూరోపియన్ న్యాయస్థానం 2012 జూలై 3న ఇచ్చిన తీర్పు ప్రకారం, శాశ్వత లైసెన్స్‌తో కొన్న సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ అమ్ముకోవచ్చు. అయితే అమ్మినవాడు తన కాపీని వాడకుండా తీసేయాలి, టోకు లైసెన్స్‌ను ముక్కలు చేసి అమ్మకూడదు. అమెరికాలో వెర్నర్, ఆటోడెస్క్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2010లో ఇందుకు భిన్నంగా తేల్చింది. లైసెన్స్ షరతుల కింద తీసుకున్నవాడు కాపీకి యజమాని కాడు గనుక దాన్ని తిరిగి అమ్మే హక్కు అతనికి లేదంది. కాబట్టి జర్మనీలో సెకండ్‌హ్యాండ్ లైసెన్స్ సక్రమంగా కొన్న స్నేహితుడి సలహా డాలస్‌లో ఉన్నవాడికి పనికిరాకపోవచ్చు.

గుర్తుపట్టే పద్ధతి

2001లో విండోస్ ఎక్స్‌పీతో యాక్టివేషన్ వచ్చాక చాలా ఏళ్లు, కంప్యూటర్ అడుగున అంటించిన కీ స్టిక్కరే అసలుదనానికి ఆనవాలుగా ఉండేది. 2012లో విండోస్ 8 నుంచి పెద్ద కంపెనీల ల్యాప్‌టాప్‌లలో కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే రాసి పెడుతున్నారు. పైన ఉండే స్టిక్కర్ మీద ఇప్పుడు కీ ఉండదు. స్టిక్కర్ లేదని కంగారుపడనక్కర లేదు, ఉందని నమ్మేయనూ కూడదు.

మొదట చూడవలసింది సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీ. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉంటే అది మంచి సూచన. సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా అయిందని ఉంటే ఆ సంస్థ ఏదని అడగాలి. ఆఫీసో యూనివర్సిటీయో ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆ మాట సహజం. ఊళ్లో నాన్నగారి కంప్యూటర్‌లో కనిపిస్తే మాత్రం అది క్రాక్ గుర్తు. ఇంకా లోతుగా చూడాలంటే విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ‘ఎస్‌ఎల్‌ఎంజీఆర్’ అనే ఇంగ్లిష్ అక్షరాలు, ఖాళీ, స్లాష్, ‘డీఎల్ఐ’ అక్షరాలు టైపు చేయాలి. ఓఈఎం అని వస్తే లైసెన్స్ మెషీన్‌తో పాటు వచ్చినది. రిటైల్ అంటే విడిగా కొన్నది. వాల్యూమ్ అంటే సంస్థలకు ఇచ్చేది. వాల్యూమ్ పద్ధతుల్లో కేఎంఎస్ అనేది ఒకటి. అందులో యాక్టివేషన్ 180 రోజులే నిలుస్తుంది, ఆ లోపు సంస్థ సర్వర్‌ను పలకరించి పొడిగించుకోవాలి. క్రాక్‌లలో ఎక్కువ భాగం కంప్యూటర్‌లోనే ఒక దొంగ సర్వర్‌ను కూర్చోబెట్టి ఈ పొడిగింపును నటిస్తాయి.

అయితే కంప్యూటర్ చెప్పే సాక్ష్యం ఒక్కటే చాలదు. మైక్రోసాఫ్ట్ సర్వర్‌ను మోసగించి డిజిటల్ లైసెన్స్ పుట్టించే ఉపాయాలూ ఉన్నాయి. వాటి బారిన పడ్డ మెషీన్ తాను శాశ్వతంగా యాక్టివేట్ అయ్యానని నిజాయితీగానే చెబుతుంది. అందుకని బిల్లును కూడా పక్కన పెట్టుకుని చూడాలి. హోమ్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లో ప్రో ఉండి, ప్రో కొన్న రసీదు ఎక్కడా లేకపోతే విషయం తేలిపోయినట్టే. విండోస్ డిఫెండర్ మినహాయింపుల జాబితాలో ఎవరూ పెట్టని ఫోల్డర్లు ఉండటం, అప్‌డేట్ సర్వీస్‌ను ఎవరో ఆపేసి ఉండటం కూడా క్రాక్ వదిలే జాడలే. క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కు కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఇచ్చినట్టవుతుంది. అందులో పాస్‌వర్డ్‌లు దొంగిలించే భాగం కూడా ఉంటే అడ్డుకునేది ఏదీ మిగలదు.

అప్‌డేట్లు ఆగిన కంప్యూటర్‌కు ఏమవుతుందో 2017 మే 12న మొదలైన వనాక్రై రాన్సమ్‌వేర్ దాడి చూపించింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది. ఆ అప్‌డేట్ ఎక్కని కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఇక చట్టం వైపు చూస్తే, ఇండియా కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ నకిలీ అని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా చెబుతుంది. డబ్బు సంపాదన కోసం కానప్పుడు జైలు లేకుండా వదిలే వెసులుబాటు కోర్టుకు ఉంది.

అప్‌గ్రేడ్ నిర్ణయం

నకిలీ కాపీని అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన అది అసలుది కాదు. 2015లో విండోస్ 10ని ఉచితంగా ఇవ్వబోతున్నప్పుడు, నకిలీ వాడేవాళ్లు కూడా మారవచ్చని మైక్రోసాఫ్ట్ మొదట అంది. మారినా అది నకిలీగానే మిగులుతుందని వెంటనే వివరణ ఇచ్చింది. పైగా పాత క్రాక్, దానితో వచ్చిన చెత్త కొత్త విండోస్‌లోకి కూడా చేరతాయి. నకిలీ అని తేలితే డిస్క్ మొత్తం తుడిచి మళ్లీ వేయడమే మార్గం.

ఆ పని చాలామంది అనుకున్నంత ఖరీదైనది కాదు. విండోస్ 10 హోమ్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ సొంత మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసి హోమ్‌నే వేస్తే, మదర్‌బోర్డులోని కీ దానంతటదే పనిచేస్తుంది. షాపులో పోయిందనుకున్న లైసెన్స్ తిరిగి దక్కుతుంది. విండోస్ 7, 8 కీలతో కొత్త వెర్షన్‌ను యాక్టివేట్ చేసుకునే దారిని మాత్రం మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లో మూసేసింది.

తర్వాత చూడవలసింది మెషీన్ వయసు. విండోస్ 11కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి కావాలి. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ప్రాసెసర్లను ఒప్పుకుంటుంది. అంటే 2017కు ముందు కొన్నవి చాలావరకు పనికిరావు. ఈ షరతులను దాటవేసే చిట్కాలు ఉన్నా, అలాంటి మెషీన్లకు అప్‌డేట్ల హామీ ఉండదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. ఎస్‌ఎస్‌డీ లేని పాత ల్యాప్‌టాప్‌కు కొత్త విండోస్ కంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించడమే మేలు.

మారడానికి వీల్లేని మెషీన్లకు మైక్రోసాఫ్ట్ ఏడాది గడువు ఇచ్చింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ పథకంలో చేరిన ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా మరమ్మతులు వస్తాయని ప్రకటించింది. ఇందుకు 30 డాలర్లు కట్టవచ్చు, లేదా సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు బ్యాకప్ చేసి ఊరికే పొందవచ్చు. యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో డబ్బు కట్టనక్కర లేదు. బ్యాంకు పనులు, ఈమెయిలు, సినిమాలు తప్ప వేరే అవసరం లేని పాత మెషీన్‌కు ఉబుంటు లాంటి లైనక్స్ కూడా చాలు. దానికి లైసెన్స్ ఖర్చూ లేదు, క్రాక్ అవసరమూ లేదు.

తెలుగులో పనిచేసేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో సంఘాల సావనీర్లు, పుస్తకాలు కూర్చినవాళ్ల పాత ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. విండోస్ 11 కేవలం 64-బిట్‌లోనే వస్తుంది గనుక పాత 16-బిట్ ప్రోగ్రాములు అందులో నడవవు. డిస్క్ తుడిచే ముందే ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ కాపీలు తీసి పెట్టుకోవాలి. యూనికోడ్ తెలుగుకైతే విండోస్‌తో వచ్చే నిర్మలా ఫాంటే సరిపోతుంది.

ఊళ్లో ఉన్న కంప్యూటర్‌ను విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్‌తో విదేశం నుంచి పరీక్షించవచ్చు. యాక్టివేషన్ పేజీ, డిఫెండర్ మినహాయింపులు, మెషీన్ మోడల్, పాత బిల్లు ఫోటో కలిపి చూస్తే పరిస్థితి తెలుస్తుంది. డిస్క్ తుడిచి వేయడం మాత్రం దూరం నుంచి కుదరదు. కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌ను మైక్రోసాఫ్ట్ టూల్‌తో తయారుచేసి, ఊరెళ్లినప్పుడు స్వయంగా వేయాలి, లేదా వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపాలి. అప్పటిదాకా నకిలీ అని తేలిన కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు ఆపి, ఆ పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చడం మంచిది.