పంటినొప్పి దేవుడి వీధిలో...

తెలుగువాళ్లు ఖాట్మండు వెళ్లేది ముఖ్యంగా పశుపతినాథుడి కోసం. గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, సునౌలి దగ్గర సరిహద్దు దాటి, బస్సులో కొండలెక్కి మరీ దర్శనం చేసుకుంటారు. ఓపికున్నవాళ్లు ముక్తినాథ్ కూడా చూసొస్తారు. అదే ఖాట్మండులో, పాతబజారు మధ్యలో మరో చిన్న దేవుడున్నాడు. గుడి లేదు, గోపురం లేదు. ఆయన చూసే శాఖ ఒకే ఒక్కటి... పంటినొప్పి!

పర్యాటకుల సందడి ఉండే థమేల్ నుంచి దక్షిణంగా ఇంద్రచౌక్ వైపు నడుస్తుంటే, థహిటి దాటాక బాంగేముఢా వస్తుంది. ఆ మాటకి ‘వంకర మొద్దు’ అని అర్థం. పేరుకు తగ్గట్టే అక్కడ గోడవారగా ఓ చెక్కమొద్దు ఉంటుంది. దూరం నుంచి చూస్తే తుప్పుపట్టిన ఇనపముద్ద అనిపిస్తుంది. దగ్గరికి వెళితే తెలుస్తుంది, అవన్నీ నాణేలని! ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి... చెక్క కనిపించనంతగా మేకులతో దిగ్గొట్టేశారు. మధ్యలో ఉన్న చిన్న విగ్రహమే వైశ్యదేవుడు. పన్ను నొప్పి పెడితే ఓ నాణెం తెచ్చి మేకు కొట్టాలి. నొప్పి అక్కడే ఉండిపోతుందని నమ్మకం.

తమాషా ఏమిటంటే, తల పక్కకి తిప్పితే చాలు, పళ్ల డాక్టర్ల బోర్డులు కనిపిస్తాయి. వాటి మీద తెల్లగా నవ్వుతున్న పళ్లసెట్ల బొమ్మలు. దేవుడి దగ్గర తగ్గనివాళ్లు పదడుగులు వేస్తే డాక్టరు ముందుంటారు!

మనకీ ఉంది పొగ వైద్యం

ఇది చూసి నవ్వుకోనక్కర్లేదు. నేలవాకుడు గింజల పొగ పట్టిస్తే పంట్లో పురుగులు రాలిపోతాయని మన పల్లెల్లోనూ నమ్మేవాళ్లు. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి పంట్లో పురుగూ ఉండదు, పన్ను తీస్తే చూపూ పోదు. నోట్లోని సూక్ష్మజీవులు మనం తినే తీపినీ పిండిపదార్థాలనూ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లమే పన్నుని కొద్దికొద్దిగా కరిగించి గుంట చేస్తుంది.

మరి మేకు కొట్టినవాళ్లలో కొందరికి నొప్పి తగ్గినట్టు ఎందుకనిపిస్తుంది? దానికో కారణం ఉంది. పుచ్చు లోపలి నరం దాకా చేరినప్పుడు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనంత నొప్పి వస్తుంది. కొన్నాళ్లకి ఆ నరం చచ్చిపోతుంది. దాంతో నొప్పీ ఆగిపోతుంది. దేవుడు కరుణించాడని ఒకరు, లవంగనూనె పనిచేసిందని ఇంకొకరు అనుకుంటారు. పంటి వేరు చివర మాత్రం చీము చేరడం మొదలవుతుంది. అంటే, నొప్పి పోయిందంటే పన్ను బాగుపడిందని కాదు. నొప్పి ఎక్కువగా ఉంది కాబట్టి పీకించేయాల్సిందే అనీ కాదు.

ఉంచాలా... తీసేయాలా?

బాంగేముఢాలోనైనా మన వీధి చివరి క్లినిక్‌లోనైనా కుర్చీలో కూర్చున్నాక అసలు ప్రశ్న ఇదే. చాలా ఇళ్లలో జవాబు నొప్పిని బట్టీ, జేబుని బట్టీ తేలిపోతుంది. ‘పీకేయండి డాక్టర్‌గారూ, పీడా పోతుంది’ అంటారు. డాక్టరు చూసేది వేరు. పోయిందెంత అన్నదానికన్నా మిగిలిందెంత అన్నదే ఆయనకి ముఖ్యం.

మొదటిది, చిగురు పైన మిగిలిన భాగం. చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉంటే తొడుగు దాన్ని పట్టుకుని నిలబడుతుంది. అది కూడా లేకపోతే ఎంత మంచి తొడుగైనా ఊడొస్తుంది. రెండోది, వేరు చుట్టూ ఉన్న ఎముక. ఎక్స్‌రేలో ఎముక బాగా కరిగిపోయి, పన్ను కదులుతుంటే పునాది లేని ఇల్లే. మూడోది, పగులు. పై అంచు విరిగితే ఫరవాలేదు. వేరు నిలువునా చీలితే మాత్రం సాధారణంగా తీసేయక తప్పదు.

ఈ మూడూ బాగుంటే సగం విరిగిన దవడ పన్నుని కూడా కాపాడవచ్చు. రూట్‌కెనాల్‌లో లోపలి పాడైన నరాన్ని తీసి, వేళ్లలోని సన్నటి గొట్టాలను శుభ్రం చేసి, నింపి మూసేస్తారు. కింది దవడ పన్నుకి మామూలుగా రెండు వేళ్లు, పైదానికి మూడు. అందుకే ముందు పంటి కన్నా దీనికి సమయం ఎక్కువ పడుతుంది. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే... నొప్పి పోయింది కదా అని తొడుగు వేయించుకోరు. నమిలే బరువంతా దవడ పళ్ల మీదే పడుతుంది. పుచ్చి డొల్లయిన పన్ను ఓ జంతిక కొరికినప్పుడు పుటుక్కున చీలిపోవచ్చు. పెట్టిన ఖర్చంతా వృథా!

పీకితే ఖర్చు తీరుతుందా?

పీకించడం చవకే, ఆ రోజుకి. తర్వాత ఖాళీలోకి పక్క పళ్లు ఒరుగుతాయి. ఎదుటి పన్ను అటువైపు జరుగుతుంది. దవడ ఎముక తగ్గుతుంది. బ్రిడ్జి కట్టించుకుందామంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్ అయితే ఇంకా ఖరీదు. తీసి పెట్టుకునే పన్ను చవకే కానీ అందరికీ అలవాటు కాదు. అందుకే రూట్‌కెనాల్ ధరని పీకే ధరతో కాదు, పీకి కొత్తది పెట్టించుకునే ధరతో పోల్చి చూసుకోవాలి.

అలాగని ప్రతి పన్నునీ పట్టుకు వేలాడనక్కర్లేదు. చివర అడ్డంగా మొలిచి పుచ్చిపోయిన జ్ఞానదంతాన్ని తీసేస్తే సాధారణంగా నమలడానికి లోటుండదు. మధుమేహం ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ ఆ సంగతి ముందే చెప్పాలి. మందులు సొంతంగా ఆపేయకూడదు. ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడం, మింగడం కష్టమైతే మాత్రం మేకులూ లవంగాలూ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈసారి పశుపతినాథుణ్ని చూడబోయినప్పుడు బాంగేముఢా దాకా నడిచి వెళ్లండి. అక్కడున్న ఒక్కో నాణెం ఒక్కొక్కరి నిద్రలేని రాత్రి. ఆ రాత్రి ఎవరికీ తప్పదు. తెల్లారాక డాక్టరుని అడగాల్సినవి మూడే ప్రశ్నలు... ఎంత మిగిలింది? వేరు గట్టిగా ఉందా? తీస్తే ఆ ఖాళీలో ఏం పెడతారు? పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. ఊడగొట్టుకోడానికి నిజంగానే ఏ రాయైనా ఒకటే. నిలబెట్టుకోవాలంటేనే పన్ను పన్నుకీ లెక్క వేరు!