పాతిక కిలోల భరోసా!

నీలి సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన రాతికొండ. అలలు ఏళ్ల తరబడి తొలిచి తొలిచి దాని మధ్యలో కట్టిన సింహద్వారం లాంటి కమాను. ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం, మరోవైపు కోర్టెజ్ సముద్రం. బండల మీద ఎండ కాచుకునే సీ లయన్లు, వాటి పక్కనే తీరిగ్గా కూర్చున్న పెలికాన్ కొంగలు... మెక్సికోలోని కాబో సాన్ లూకాస్ వెళ్లినవాళ్లు చేసే మొదటి పని ఆ కమాను ముందు ఫొటో దిగడమే. కాలిఫోర్నియాలో ఉంటున్న పిల్లలు ఓడ ప్రయాణం చేసొచ్చి పంపిన ఫొటోల్లో మన ఇళ్లలోనూ కొందరు దాన్ని చూసే ఉంటారు.

సొంత పడవ మీద వచ్చేవాళ్ల చూపు మాత్రం కమాను మీద ఉండదు. నీటి అడుగున ఉంటుంది! కింద ఇసుకా, రాయా? లోతెంత? రాత్రికి గాలి ఏ దిక్కు నుంచి రావచ్చు? వీటన్నిటికీ జవాబు దొరికాక కూడా ఇంకో ప్రశ్న మిగిలిపోతుంది... ముందు వేలాడుతున్న ఆ లంగరు ఇంత పడవనీ నిజంగా ఆపగలదా?

పడవే ఇల్లు!

తెరచాప పడవల్లో దేశాలు తిరిగేవాళ్లది ఓ ప్రత్యేక ప్రపంచం. 30 నుంచి 50 అడుగుల పడవే వాళ్లకు ఇల్లు. అందులోనే వంటిల్లు, పడక, పుస్తకాల అర, మంచినీళ్ల ట్యాంకు. చాలామంది ఉన్నదంతా అమ్మేసి పడవ కొనుక్కుంటారు. అమెరికా పశ్చిమ తీరంలో చలి మొదలవగానే ఇలాంటి పడవలు శాన్‌డియాగో నుంచి దక్షిణానికి బారులు తీరతాయి. సుమారు 1400 కిలోమీటర్ల ప్రయాణం తర్వాత, బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం కొసన తగిలే మజిలీయే కాబో. పసిఫిక్ అలల మీద రోజుల తరబడి ఊగీ ఊగీ వచ్చినవాళ్లకు ఆ నిశ్చలమైన నీళ్లు, వెచ్చటి ఎండ స్వర్గంలా అనిపిస్తాయి.

ఆ స్వర్గంలో ఓ చిక్కుంది. ఒడ్డుకు కాస్త దూరంలోనే సముద్రంలో పెద్ద లోయ ఉంది. నేల ఉన్నట్టుండి అగాధంలోకి జారిపోతుంది. ఆ అంచు మీదుగా ఇసుక జలపాతంలా కిందికి రాలుతుంటే చూడటానికి స్కూబా డైవర్లు పనిగట్టుకుని వస్తారు. చూసేవాళ్లకు అది అద్భుతమే. లంగరు వేసేవాళ్లకే ఇబ్బంది. లంగరుకు నేల అందే చోటు ఒడ్డు వెంట సన్నటి అరుగులా మాత్రమే ఉంటుంది. పైగా అఖాతం ఆగ్నేయ దిక్కుకు తెరుచుకుని ఉంది. అటు నుంచి గాలి లేచిందా... పడవకు ముందు అలలు, వెనక ఒడ్డు!

ఆ డిసెంబరు రాత్రి...

1982 డిసెంబరు. అప్పటికి కాబో ఇంకా చిన్న ఊరు. తూర్పు పసిఫిక్‌లో తుపాన్ల కాలం నవంబరుతోనే ముగుస్తుంది కాబట్టి అందరూ నిశ్చింతగా ఉన్నారు. పడవలు పదుల సంఖ్యలో ఆ సన్నటి అరుగు మీద కిక్కిరిసి ఉన్నాయి. చోటు చాలక చాలామంది పడవకు ముందో లంగరు, వెనకో లంగరు వేసి కట్టేసుకున్నారు.

డిసెంబరు 8 రాత్రి ఎవరూ ఊహించని గాలివాన వచ్చింది. అదీ ఆగ్నేయం నుంచే. అలలు ఒడ్డు దగ్గరకొచ్చేసరికి ఎత్తు పెరిగి విరుచుకుపడ్డాయి. లంగర్లు ఇసుకను దున్నుకుంటూ జారాయి. తాళ్లు ఒరుసుకుని తెగాయి. ఒక పడవ జారి పక్క పడవ మీద పడితే, ఆ రెండూ కలిసి మూడోదాన్ని లాక్కెళ్లాయి. తెల్లారేసరికి రెండు డజన్లకు పైగా పడవలు ఒడ్డున ఇసుకలో ఒరిగిపోయి ఉన్నాయి.

వాటిలో ఒకదాని పేరు జాషువా. దాని యజమాని బెర్నార్ మ్వాతెసియే. పడవ ప్రయాణాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు పరిచయం అక్కర్లేని పేరు అది. హనోయ్‌లో పుట్టిన ఈ ఫ్రెంచి నావికుడు 1968లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి రావాలన్న గోల్డెన్ గ్లోబ్ పోటీలో పాల్గొన్నాడు. గెలిచే అవకాశం ఉండి కూడా పోటీ వదిలేసి, అలాగే సాగిపోయి 1969 జూన్‌లో తాహితీ చేరాడు. ఆ ప్రయాణమంతా మోసింది దాదాపు 40 అడుగుల ఈ ఉక్కు పడవే. ప్రపంచాన్ని ఒంటరిగా చుట్టొచ్చిన మొదటి నావికుడు జాషువా స్లోకమ్ గుర్తుగా దానికాపేరు పెట్టుకున్నాడు.

భూగోళంలోనే అతి కఠినమైన దక్షిణ సముద్రాలను దాటొచ్చిన పడవ, ఊరి ముందు ఒడ్డుకు కొట్టుకొచ్చి ఆగింది. కొయ్యలు విరిగి, లోపలంతా ఇసుక నిండిపోయింది. మ్వాతెసియేకి పడవ పోవడం కొత్త కాదు. 1952లో హిందూ మహాసముద్రంలోని డీగో గార్సియా దగ్గర ఒకటి, 1958లో కరీబియన్‌లో మరొకటి పోగొట్టుకున్నాడు. ఇది మూడోది. బాగుచేసే స్తోమత లేక జాషువాను ఇద్దరు యువకులకు నామమాత్రంగా 20 డాలర్లకు ఇచ్చేశాడు!

గుంజా... పలుపూ!

తప్పెక్కడ జరిగింది? ఆ తర్వాత ఏళ్ల తరబడి నావికులు దీని గురించే మాట్లాడుకున్నారు. దంపతులుగా ప్రపంచం తిరిగిన లిన్, లారీ పార్డే కూడా తమ పుస్తకంలో ఈ ప్రమాదాన్ని విశ్లేషించారు. లంగరు బరువొక్కటే కారణం కాదని తేలింది. చోటు, గొలుసు పొడవు, తాళ్ల ఒరిపిడి, గాలి మారగానే బయటి సముద్రంలోకి వెళ్లిపోవాలన్న నిర్ణయం... అన్నీ కలిసి వస్తేనే పడవ దక్కుతుంది.

గొలుసు పొడవు సంగతి పల్లెటూరివాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. గేదెను గుంజకు పొట్టి పలుపుతో కడితే ఏమవుతుంది? అది తల ఎత్తి లాగినప్పుడల్లా గుంజ పైకి వస్తుంది. పలుపు పొడవుగా ఉంటే లాగుడు నేలకు సమాంతరంగా పడి గుంజ కదలదు. లంగరూ అంతే. గొలుసు నేల మీద పడుకుని లాగితే కొన లోపలికి దిగుతుంది. పైకి లాగితే ఊడొస్తుంది.

అందుకో లెక్కుంది. నీటి లోతు 6 మీటర్లు, పోటుకు పెరిగేది మీటరున్నర, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు మరో మీటరున్నర. మొత్తం 9 మీటర్లు. మామూలు రాత్రికి దానికి అయిదు రెట్లు, అంటే 45 మీటర్ల గొలుసు వదలాలి. గాలి పెరిగితే ఏడు రెట్లు- 63 మీటర్లు. అంత గొలుసు వదిలితే గాలి మారినప్పుడు పడవ చుట్టూ తిరగడానికీ అంత చోటు కావాలి. కిక్కిరిసిన కాబోలో అది ఎక్కడిది? చుట్టూ పడవలుంటే గొలుసు కుదించక తప్పదు. ఎంత మంచి లంగరైనా అక్కడే సగం బలం పోగొట్టుకుంటుంది.

ఎంత బరువుండాలి?

ఇక అసలు ప్రశ్న. పడవను లాగేది గాలి. దాని వేగం రెట్టింపైతే లాగే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది! అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టిక ప్రకారం 40 అడుగుల పడవ మీద గంటకు 28 కిలోమీటర్ల గాలి వీస్తే లంగరు మీద పడే లాగుడు సుమారు 135 కిలోలు. గాలి 55 కిలోమీటర్లకు చేరితే అది 545 కిలోలు. 78 కిలోమీటర్లయితే సుమారు 1090. అంటే టన్ను పైమాటే!

అందుకే అనుభవజ్ఞులు మధ్యాహ్నం భోజనానికి ఆగే చోటుకు సరిపోయే లంగరు చూసి మురిసిపోరు. ఏడాదికోసారి వచ్చే ఆ ఒక్క రాత్రిని దృష్టిలో పెట్టుకుంటారు. తయారీదారుల పట్టికల్లో పడవ పొడవును బట్టి బరువు ఇస్తారు. పొడవొక్కటే చూస్తే సరిపోదు. పడవ బరువు, గాలికి అడ్డుపడే ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏడాదికి సరిపడా సామాను నింపుకున్న పడవ, కొన్నప్పటి పడవ కాదు కదా! పైన సోలార్ పలకలు, ఎండకు కట్టిన గుడ్డలు, చిన్న పడవ... అన్నీ గాలిని పట్టేవే. అందుకే రెండు సైజుల మధ్య సందేహం వస్తే పెద్దదే తీసుకోమంటారు. సుమారు 10 టన్నుల బరువున్న 40 అడుగుల పడవకు ఇప్పటి తరహా లంగరైతే పాతిక కిలోలది వాడటం మామూలు.

నాగలి నేర్పిన పాఠం

10 టన్నుల పడవను పాతిక కిలోల ఇనుము ఆపడమేంటి? కిటుకంతా ఆకారంలోనే. లంగరు ఆపేది బరువుతో కాదు, నేలలోకి దిగి. ఈ సంగతిని శాస్త్రీయంగా పట్టుకున్నవాడు కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జెఫ్రీ ఇన్‌గ్రామ్ టేలర్. తొలి అణుబాంబు పరీక్ష ఫొటోలు చూసి పేలుడు శక్తిని లెక్కగట్టిన మేధావి ఈయనే. పడవ షికార్లంటే ప్రాణం. బరువైన పాత లంగర్లు మోయలేక 1933లో నాగలి కర్రు ఆకారంలో కొత్తది కనిపెట్టాడు. దానిపేరు సీక్యూఆర్. గబగబా పలికితే ‘సెక్యూర్’ అని వినిపిస్తుంది!

తర్వాత రిచర్డ్ డాన్‌ఫోర్త్ చేసిన పలుచటి రేకుల లంగరు రెండో ప్రపంచయుద్ధంలో సైనిక పడవలకు పనికొచ్చింది. ఇసుకలో దాని పట్టు గట్టిదే అయినా, గాలి దిక్కు మార్చి లాగితే ఊడివచ్చే ప్రమాదం ఉంది. 1970ల్లో పీటర్ బ్రూస్ చేతుల్లో మూడు వేళ్ల గోరులాంటి లంగరు వచ్చింది. 2004లో న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ స్మిత్ రోక్నాను తెచ్చాడు. దాని వీపు మీద ఉండే గుండ్రటి కడ్డీ వల్ల ఎలా పడినా కొన కిందికి తిరుగుతుంది. 1982లో కాబోలో ఉన్నవాళ్లకు ఈ తరం లంగర్లు లేవు.

మరి బాగా పెద్దది కొనేస్తే పోలేదా అంటే... దానికీ హద్దుంది. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు రెండు కిలోల పైనే తూగుతుంది. 60 మీటర్లకు దాదాపు 138 కిలోలు. దానికి లంగరు తోడైతే పడవ ముక్కు బరువెక్కి అలల్లోకి దూసుకుపోతుంది. గొలుసు చుట్టే యంత్రం మొరాయిస్తే ఆ బరువంతా చేతులతో లాగాలి. భార్యాభర్తలిద్దరే ఉండే పడవలో ఇది చిన్న విషయం కాదు. ఎత్తడానికి భయపడేంత లంగరుంటే, చోటు మారాల్సిన సమయంలో ‘పోన్లే, ఇక్కడే ఉందాం’ అనిపిస్తుంది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే!

మన కాకినాడలో...

మంచి లంగరు చోటు ఎలా ఉండాలో చూడాలంటే మెక్సికో దాకా వెళ్లక్కర్లేదు. కాకినాడలో ఒకటుంది. అక్కడి పాత రేవును యాంకరేజ్ పోర్టు అనే పిలుస్తారు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరేసుకుంటే, బియ్యం బస్తాలు బార్జీల్లో వాటి దగ్గరకే వెళతాయి. బంగాళాఖాతం అలలకు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డుగోడలా నిలబడుతుంది. కాబోకు ఆగ్నేయాన లేనిది సరిగ్గా ఆ గోడే.

కాబో ఇప్పుడు చిన్న ఊరు కాదు. ఒడ్డంతా హోటళ్లు. లోపల పడవల కోసం కట్టిన మెరీనా ఉంది. 2014 సెప్టెంబరులో ఒడిల్ తుపాను గంటకు సుమారు 200 కిలోమీటర్ల గాలితో ఈ ఊరి మీద పడింది. అలాంటి గాలిని ఏ లంగరు నమ్ముకునీ ఎదుర్కోకూడదు. లంగరు సైజు ఎంచుకోవడం తెలిసినవాళ్లు, లంగరెత్తి వెళ్లిపోవాల్సిన వేళ కూడా తెలుసుకుంటారు.

జాషువా కథ మాత్రం ఇసుకలో ముగియలేదు. ఆ యువకులు దాన్ని మళ్లీ నీటిమీదికి తెచ్చారు. 1990లో ఫ్రాన్స్‌లోని లా రోషెల్ సముద్ర మ్యూజియం దాన్ని కొని బాగుచేయించింది. మ్వాతెసియే 1994లో కన్నుమూశాడు. ఆయన ఎర్ర పడవ మాత్రం లా రోషెల్ రేవులో సందర్శకులను పలకరిస్తూనే ఉంది.

కాబోలో సాయంత్రమవుతుంది. కమాను వెనక సూర్యుడు దిగుతుంటే పర్యాటకులు కెమెరాలు తీస్తారు. పడవవాళ్లు ఇంజిను వెనక్కి నడిపి లంగరు పట్టిందో లేదో చూసుకుంటారు. ఒడ్డున ఓ దీపస్తంభాన్నీ, దాని వెనక కొండ కొసనీ ఒకే వరసలో గుర్తుపెట్టుకుంటారు. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే ఆ రెండూ అదే వరసలో ఉండాలి. ఉంటే, పడవ కదల్లేదన్నమాట.

అప్పుడే పొయ్యి వెలిగిస్తారు!