ఏడైదులు ముప్పై అయిదు

మా ఇంట్లో "అయిదు కిలోమీటర్లు" అన్న మాట నా నోట్లోంచి వస్తే చాలు, ఎవరి పని వాళ్ళకి గుర్తొచ్చి లేచి లోపలికి వెళ్ళిపోతారు. ఈ ఏడాదంతా అంతలా విసిగించాను వాళ్ళని. ఇక వినేవాళ్ళు లేక ఇలా మీ దగ్గరికొచ్చాను. మీరు మాత్రం లేచి వెళ్ళకండి.

నాకిప్పుడు 48 ఏళ్ళు. విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటాం. మావారిది షిఫ్టు డ్యూటీ. అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. అత్తయ్యకి 76. మూడేళ్ళ క్రితం రక్తపరీక్ష చేయిస్తే నాకు షుగర్ గీత మీదుందని తేలింది. డాక్టరుగారు రోజూ నడవమన్నారు. బీచ్ రోడ్డు ఇంటికి దగ్గరే, పైగా తెల్లవారుజామున కొంతసేపు అక్కడ బండ్లని రానివ్వరు. అలా నడక మొదలుపెట్టాను.

ఒకరోజు నాకంటే నాలుగైదేళ్ళు పెద్దావిడ, చుడీదారూ షూసూ వేసుకుని నా పక్కనుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిణ్ణి చూసి స్ఫూర్తి పొందానని చెప్తే బాగుంటుంది గానీ, నిజం చెప్పాలంటే అది కుళ్ళు. మర్నాడు సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలెట్టి కాళీమాత గుడి దాకా ఒక్క పరుగులో వెళ్ళిపోదామనుకున్నాను. సగం దూరం కూడా వెళ్ళకుండానే పిట్టగోడ మీద కూలబడ్డాను. గుండె చెవుల్లో కొట్టుకుంది.

చిన్నప్పుడు మేం కాస్త గట్టిగా పరిగెడితే చాలు, "ఏమే పి.టి. ఉషా, మెల్లిగా!" అనేవాళ్ళు ఇంట్లో. మీ ఇళ్ళల్లోనూ అనే ఉంటారు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆవిడకి సెకనులో నూరో వంతు తేడాతో కాంస్య పతకం పోయింది. మూడో స్థానం వచ్చినావిడది 55.41, ఉషది 55.42. నాకప్పుడు ఏడేళ్ళు. నూరో వంతంటే ఎంత అని నాన్నని అడిగితే, నువ్వు రెప్ప వేసేలోపల అలాంటివి బోలెడు అయిపోతాయి అన్నారు. అంత చిన్నదాని కోసం పెద్దవాళ్ళు ఎందుకంత బాధపడుతున్నారో నాకర్థం కాలేదు. ఇప్పుడర్థమవుతోంది. అక్కడికే వస్తున్నాను.

మొదటిసారి అయిదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తినప్పుడు నాకు 43 నిమిషాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి 38కి వచ్చింది. మా పొద్దుటి గుంపులో డాక్‌యార్డులో పనిచేసే కుర్రాడు ఒకడున్నాడు. "మేడమ్, ఒక టైము పెట్టుకోండి, లేకపోతే ఇక్కడే ఆగిపోతారు" అన్నాడు. ఏం పెట్టుకోవాలో తెలీక ఎక్కం తీశాను. ఏడైదులు ముప్పై అయిదు. కిలోమీటరుకి ఏడు నిమిషాలు, అయిదు కిలోమీటర్లకి 35. అంతే. దాని వెనక ఇంకే శాస్త్రమూ లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర గొప్పగా ప్రకటించాను. అమ్మాయి ఫోన్లో వెతికి, ఇదే దూరం రోడ్డు మీద ఆడవాళ్ళ ప్రపంచ రికార్డు కెన్యాకి చెందిన బియాట్రిస్ చెబెట్‌ది, 2024 ఆఖరి రోజున బార్సిలోనాలో 13 నిమిషాల 54 సెకన్లలో పరిగెత్తిందని చదివింది. అత్తయ్య మజ్జిగ పోసుకుంటూ, "ఆవిడకి పొద్దున్నే క్యారేజీలు కట్టే పని లేదేమోలే" అన్నారు. అది నన్ను వెనకేసుకు రావడమో, వేళాకోళమో ఇప్పటికీ తెలీదు.

ఆవిడ గురించి ఇంకొకటి చెప్పాలి. మా వంటింట్లో గోడకి ఒక కేలండర్ ఉంటుంది. పాల ప్యాకెట్లు, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పనమ్మాయి నాగాలు, అన్నీ దాని మీద పెన్సిలుతో రాస్తారావిడ. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటికే ఆ అలవాటుంది. ఏ లెక్కయినా కేలండరెక్కితేనే ఆవిడకి నమ్మకం.

ఇన్నేళ్ళుగా ఆ ఇంటి పనంతా చేస్తున్నాను కదా, ఇడ్లీ వాయి ఎంతసేపట్లో దించాను, ఎంతసేపట్లో నలుగురికీ క్యారేజీలు సర్దాను అని నాకెప్పుడూ ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. పరుగులో మాత్రం రాసిస్తారు. పేరూ, పక్కన అంకే. ఆ అంకె పిచ్చే నాకు పట్టుకుంది.

ఎక్కువ దూరం రోజూ గట్టిగా పరిగెడితే వేగం వస్తుందనుకునేదాన్ని. కాదట. వారంలో మూడు రోజులు పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తాలి. ఒక్క రోజు మాత్రం మైదానంలో 400 మీటర్లు గట్టిగా, తర్వాత ఊపిరి అందేదాకా నడక, మళ్ళీ 400. అలా ఆరుసార్లు. ఏడు నిమిషాల లెక్కన 400 మీటర్లకి 2 నిమిషాల 48 సెకన్లు చాలు. నేను రెండున్నర నిమిషాల్లో చేయాలి. అలా చేయగా చేయగా ఆ 2:48 అనేది కాళ్ళకి తేలిగ్గా అనిపించడం మొదలవుతుంది. అదీ కిటుకు. నాలుగోసారికి మాత్రం పొద్దున తాగిన కాఫీ నీళ్ళు గొంతుదాకా వచ్చేవి.

మొదటి ప్రయత్నం గత ఫిబ్రవరిలో, బీచ్ రోడ్డు మీదే జరిగిన పందెంలో. "మొదటి కిలోమీటరే మీ శత్రువు, జాగ్రత్త" అని ఆ కుర్రాడు చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. డప్పులు, మైకులో పాటలు, చుట్టూ వందలమంది. అందరూ ఉరుకుతుంటే నేనూ ఉరికాను. మొదటి కిలోమీటరు 6:10! నేనేదో పుట్టు ఆటగత్తెననుకున్నాను. రెండోది 7:10, మూడోది 7:35, నాలుగోది 7:55. ఆఖరిది కాళ్ళీడ్చుకుంటూ 7:50. మొత్తం 36:40. పెళ్ళివారొచ్చీ రాకముందే స్వీట్లన్నీ వడ్డించేసి, పెద్ద పంక్తికి ఖాళీ గిన్నెలు చూపించినట్టయింది నా పని.

సరే, డిసెంబరులో మళ్ళీ చూద్దామనుకున్నాను. వర్షాలూ ఉక్కా భరిస్తూ పరిగెత్తాను. సెప్టెంబరుకి నా అంతట నేను 35 నిమిషాల 50 సెకన్ల దాకా వచ్చాను.

దసరా వెళ్ళాక రెండో వారం. మావారిది నైట్ షిఫ్టు. నేను అయిదుంబావుకి తలుపు దగ్గరకి వేసి వెళ్ళాను. ఆరున్నరకి వచ్చేసరికి ఇంటి ముందు ఆటో. అమ్మాయి ఏడుస్తోంది. అత్తయ్య, మనవరాలికి నిద్ర పాడవుతుందని లైటు వేయకుండా బాత్రూంకి వెళ్ళి, తడి మీద జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

ఆస్పత్రిలో అందరూ చెమటతో తడిసిన నా టీషర్టునీ, నా షూస్‌నీ చూస్తున్నట్టే అనిపించింది. ఎవరూ చూసి ఉండరు. మావారు డ్యూటీ నుంచి తిన్నగా అక్కడికే వచ్చారు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. సాయంత్రం ఆడపడుచు ఫోను. "వదినా, ఏమీ అనుకోకు. ఈ వయసులో పరుగులేమిటి? ఆ సమయానికి నువ్వు ఇంట్లో ఉంటే..." తర్వాత మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయక్కర్లేకుండానే నాకు చేరింది.

షూస్ స్టాండులో అడుగున పెట్టేశాను. మూడు వారాలు వాటి మొహం చూడలేదు. అత్తయ్యకి అన్నం కలిపి పెట్టడం, జడ వేయడం, మందులు. కేలండర్ మీద ఆవిడ రాయలేరు కాబట్టి ఆ లెక్కలూ నేనే రాశాను. నా రాత చూసి "కోడి గెలికినట్టుంది" అనేవారు.

నాలుగో వారం ఒక మధ్యాహ్నం జడ వేస్తుంటే అడిగారు. "ఏమ్మాయ్, నీ పందెం ఎప్పుడు?"

"లేదత్తయ్యా, మానేశాను."

"ఎందుకు?"

నేను మాట్లాడలేదు. ఆవిడ తల తిప్పబోయి, జడ నా చేతిలో ఉండడంతో ఆగిపోయి, గోడ వైపు చూస్తూనే అన్నారు. "నువ్వు ఇంట్లో ఉంటే మాత్రం నాతోబాటు బాత్రూంలోకి వచ్చి నిలబడేదానివా? నువ్వూ నిద్రపోతూ ఉండేదానివి. నేను లైటు వేసుకోకపోవడం నా తెలివితక్కువతనం. దాన్ని తీసుకెళ్ళి నీ పరుక్కి కడతారేమిటి?"

నాకు చేతులు ఆడలేదు. ఆవిడే మళ్ళీ, "జడ వదిలేశావు" అన్నారు.

ఆ ఒక్క మాటతో తప్పంతా కడుక్కుపోయిందని చెప్పను. ఇప్పటికీ ఎప్పుడైనా పరిగెడుతూ ఉండగా ఫోను మోగితే గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ రాత్రి మావారితో కూర్చుని, ఏడవకుండా, లెక్కలాగా మాట్లాడాను. ఆ వారంలోనే బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు రాడ్డు, కింద రబ్బరు మ్యాటు, వరండాలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు వచ్చాయి. మూడేళ్ళ క్రితమే చేయాల్సిన పనులవి. ఆయన పొద్దున్న ఇంట్లో ఉండే వారాల్లో నేను తెల్లవారుజామున వెళ్తాను. లేని వారాల్లో అమ్మాయి కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రం పరుగు. సాయంత్రం బీచ్ రోడ్డులో పరిగెత్తడమంటే మొక్కజొన్న పొత్తుల బండ్ల మధ్య కుప్పిగంతులే. అయినా మానలేదు. ఆడపడుచుకి ఆయనే ఫోన్ చేసి చెప్పారట. ఏం చెప్పారో నేనడగలేదు.

డిసెంబరు ఆదివారం. పొద్దున ఆరున్నరకి మొదలు. సబ్‌మెరైన్ దగ్గర్నుంచి లాసన్స్ బే వైపు రెండున్నర కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి రావాలి. మావారు అత్తయ్య దగ్గర ఉండిపోయారు, అమ్మాయి నాతో వచ్చింది. ఈసారి కావాలని వెనక వరసలో నిలబడ్డాను. బిబ్‌కి అతికించిన చిప్, మొదట్లో పరిచిన చాప దాటినప్పటి నుంచే మన టైము లెక్కపెడుతుంది కాబట్టి వెనక నిలబడ్డా నష్టం లేదు.

మొదటి కిలోమీటరు 7:04. అందరూ నన్ను దాటి వెళ్ళిపోతున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లాడు కూడా దాటాడు. పళ్ళు బిగించి ఊరుకున్నాను. రెండోది 7:02. జాలరిపేట దగ్గర చేపల వాసన, ఒడ్డున బోట్లు. మూడోది 7:03. వెనక్కి తిరిగాక ఎదురుగాలి. కంటికి ఆనని చిన్న ఎత్తు కాలికి తెలుస్తోంది. నాలుగోది 7:01. అప్పుడు చూస్తే, ఆ తొమ్మిదేళ్ళ పిల్లాడు నడుస్తున్నాడు. పాపం అనిపించింది, సంతోషం కూడా వేసింది. ఆఖరి కిలోమీటరులో నాకు గుర్తున్నది నా ఊపిరి చప్పుడొకటే. చేతి వాచీ అయిదు కిలోమీటర్లు అని బీప్ కొట్టింది. 34:56!

కానీ చివరి గీత ఇంకా ముందుంది. ఓ ముప్పై మీటర్లు.

అదెలాగంటే, పందెం దూరాన్ని రోడ్డు మలుపుల్లో అతి దగ్గర దారి పట్టుకుని కొలుస్తారు. మనమేమో జనాన్ని తప్పించుకుంటూ, నీళ్ళ బల్ల దగ్గరకి పోతూ, అటూ ఇటూ తిరుగుతాం. వాచీ మనం తిరిగినదంతా లెక్కేస్తుంది. గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ ముప్పై మీటర్లకి నాకు పన్నెండు సెకన్లు పట్టింది.

అమ్మాయి నా చెయ్యి లాక్కుని వాచీ చూసి గెంతులేసింది. నాకు చెప్పడానికి ఊపిరి లేదు. కాసేపటికి ఫోనుకి మెసేజి వచ్చింది. 35 నిమిషాల 8 సెకన్లు.

"అమ్మా, వాచీ ఫోటోనే పెట్టేద్దాం. ఎవడు చూడొచ్చాడు?" అంది. నిజం చెప్తున్నాను, ఓ పది నిమిషాలు ఆ ఫోటో నా స్టేటస్‌లో ఉంది. ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికెళ్ళే దారిలో తీసేశాను. గొప్ప నిజాయితీ ఏమీ కాదండీ. ఇంటికెళ్ళగానే అత్తయ్య అడుగుతారు, అది కేలండరెక్కుతుంది, అక్కడ అబద్ధం రాయించడానికి నాకు ధైర్యం చాల్లేదు.

అడగనే అడిగారు. "ఎంతయింది?"

"ముప్పై అయిదు నిమిషాల ఎనిమిది సెకన్లు. పోయిందత్తయ్యా."

"ఎనిమిది సెకన్లంటే ఎంతసేపు?"

"పాలు పొంగుతుంటే మీరు చూసి వచ్చి స్టవ్ కట్టేసేంత."

"ఓస్, అంతేనా" అన్నారు. ఒక క్షణం ఆగి, "అబ్బో, చాలాసేపే. ఆ లోపల సగం పాలు పోతాయి" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ సంగతి ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాలేదు. ఆవిడకి అర్థమయింది.

కట్టు విప్పి అప్పటికి రెండు వారాలైంది. చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. సాయంత్రం వంటింట్లోకి వెళ్ళేసరికి కేలండర్ మీద ఆ ఆదివారం గడిలో, వంకరటింకరగా, ఆవిడ రాత. పాలు 2. పనమ్మాయి నాగా. దాని కింద, 35-08.

తర్వాతి పందెం ఫిబ్రవరిలో. కొత్త కేలండర్ రాగానే ఆవిడ ఆ తేదీకి పెన్సిలుతో సున్నా చుట్టేశారు. ఈసారి మలుపుల్లో దగ్గర దారి పట్టుకోవడం నేర్చుకోవాలి. ఎలా అయిందో మీకూ చెప్తాను. అప్పుడు కూడా లేచి వెళ్ళిపోకండేం!