చిన్న తూటా

మా ఇంట్లో రివాల్వర్ కొన్నది నా కోసమేనని మా ఆయన అందరితో చెప్తారు. టెక్సాస్‌లో మేముండే వీధిలో రెండిళ్ళలో దొంగలు పడ్డాక 357 మాగ్నమ్ కొన్నారు. నాకు మాత్రం 38 స్పెషల్ తూటాల పెట్టె ఇచ్చారు. "ఆడవాళ్ళకి ఇవి చాలు. పెద్దవి నీ చెయ్యి తట్టుకోలేదు" అన్నారు.

నమ్మాను. రెండేళ్ళు అవే కాల్చాను. నిజానికి రెండింటి గుండు లావూ ఒకటే. 1935లో మాగ్నమ్ వచ్చినప్పుడు, పాత 38 రివాల్వర్లలో పట్టి ప్రమాదం జరగకూడదని ఇత్తడి తొడుగుని 3.4 మిల్లీమీటర్ల దాకా పొడుగు చేశారు. అందుకే చిన్నది పెద్దదాంట్లో ఇముడుతుంది, పెద్దది చిన్నదాంట్లో ఇమడదు. సర్దుకుపోవడం ఎవరి వంతో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఒక శనివారం ఆయనకి జ్వరమొచ్చి, రివాల్వర్ తీసిచ్చి నన్నొక్కదాన్నే పంపారు. మాగ్నమ్ తూటాలు కొన్నాను. సిలిండర్‌లో పెడితే చివరిదాకా దిగలేదు. పాడుచేశాననుకున్నాను. ముందు గుర్తొచ్చింది ఆయన ముఖమే. అక్కడ నేర్పే పెద్దావిడ రిటైరైన పోలీసు. లోపలికి చూసి నవ్వింది. పొట్టి తొడుగు ఆగిపోయే చోట మసి ఉంగరంలా పేరుకుందట. నాచేతే బ్రష్షుతో తోమించింది.

"పొట్టివి కాల్చడం తప్పు కాదు, మేమూ వాటితోనే నేర్చుకున్నాం. కానీ అవసరానికి పెద్దవి వాడేవాళ్ళు వాటినీ కాల్చి చూడాలి" అంది. 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో న్యూహాల్ దగ్గర నలుగురు హైవే పోలీసులు హతమయ్యాక, తేలిక తూటాలతో సాధన చేసి డ్యూటీలో మాగ్నమ్ పెట్టుకునే పద్ధతి మీద విమర్శలొచ్చాయని చెప్పింది.

ఆరు కాల్చాను. ఆ చప్పుడుకీ, వెనక్కి తన్నే తన్నుకీ అదిరిపోయాను. కానీ చెయ్యి తట్టుకుంది. తర్వాత మళ్ళీ 38 తూటాలే తీశాను. వాటితో నాకు గురి బాగా కుదురుతుంది. ఈసారి అవి నేను ఎంచుకున్నవి.

ఇంటికొచ్చాక రివాల్వర్ లాకర్లో పెట్టడానికి ఆయన్ని లేపాల్సొచ్చింది. దాని అంకెలు ఆయనకొక్కరికే తెలుసు. నా రక్షణ కోసం కొన్న వస్తువు! రెండేళ్ళుగా నేను అడగనే లేదు. ఆ రాత్రి అడిగాను. "ఎందుకు?" అన్నారు. జవాబు చెప్తుంటే గొంతు వణికింది, అయినా చెప్పాను.

అంకెలు చెప్పడానికి ఆయనకి నాలుగు రోజులు పట్టింది. అసలు అది ఇంట్లో ఉండాలా అని ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఆ మాట ఇంకా తెగలేదు.